వదిన ఎత్తి పోసుకున్న గ్లాసు

ఆ ఫోటో వరంగల్ మట్టెవాడలో చూడనివాళ్లు తక్కువ. నీలం చీర కట్టుకున్న ఒక ఆమె కుర్చీలో వెనక్కి వాలి, తల పైకెత్తి, గ్లాసును నోటికి జానెడు పైన పట్టుకుని బీరు గొంతులోకి పోసుకుంటూ ఉంటుంది. నురుగు బుగ్గ మీదుగా మెడ మీదికి కారుతూ ఉంటుంది. కింద ఒక మాట ఉంటుంది: 'మా వదిన ట్యాంకు ఫుల్.'

ఆమె మా అన్న భార్య సువర్ణ. ఫోటో తీసింది నేను. కింద ఆ మాట రాసింది కూడా నేనే.

మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడినుంచి అది ఎవరి చేతుల మీదుగా బజారుకెక్కిందో నాకు తెలియదు, ఇప్పుడు వెతికి లాభం లేదు. ఫోటో తీసిన బెంగుళూరు ప్రయాణంలో ఏం జరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. దాని గురించి నేను రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ తప్పే చెప్పాను. ఒకసారి నలుగురిని నవ్వించడానికి, ఇంకోసారి వదినను కాపాడడానికి. అందుకే ఇప్పుడు మొదటినుంచి రాస్తున్నాను. బెంగుళూరు చూడనివాళ్లు, ఈ కొత్తరకం బీరంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా చదవవచ్చు.

మట్టెవాడ

మాది మిర్చి, పసుపు, ధనియాల వ్యాపారం. అన్న గల్లా దగ్గర కూర్చుంటాడు. మర పట్టించడం, ప్యాకింగు నేను చూసుకుంటాను. ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి శాంపిల్ వస్తే మాత్రం అది ముందు మా వంటింట్లోకి పోతుంది. వదిన ఒక కాయ తీసుకుని తొడిమ విరుస్తుంది, వాసన చూస్తుంది, కొసన పంటితో కొరికి కాసేపు కళ్లు మూసుకుంటుంది.

"రంగుకు చపాట మిర్చి కలిపిండ్లు. నిరుటి సరుకు గూడ ఉన్నది ఇండ్ల" అంటుంది.

అన్న ఆ మాట మీదే ధర చెప్తాడు. తర్వాత వదిన ఇన్ని మరమరాలు నమిలి, మజ్జిగ తాగి, నోరు కడుక్కుని మళ్లీ పనిలో పడుతుంది.

నిరుడు బెంగుళూరులో ఉద్యోగం చేసే బిడ్డ శ్రావ్య దగ్గరికి పోయినప్పుడు, ఆ పిల్ల తల్లిని ఒక చోటికి తీసుకుపోయింది. అక్కడ కంపెనీ సీసాలు ఉండవు. కూర్చునే చోటికి వెనకాలే పెద్ద పెద్ద స్టీలు పీపాలు పెట్టుకుని బీరు వాళ్లే తయారుచేస్తారు. క్రాఫ్ట్ బీరు అంటారు. మిల్లు బట్టకూ చేతిమగ్గం బట్టకూ ఉన్న తేడా అనుకోండి. వదిన ఒక్క గుక్క తాగి "ఇండ్ల ధనియాలున్నయి" అన్నదట. తల్లి పరువు తీస్తున్నదని శ్రావ్య తల పట్టుకుంది. గ్లాసు తెచ్చినతను లోపలికి పోయి కనుక్కుని వచ్చి, ఉన్నయ్, ధనియాలూ నారింజ తొక్కా వేస్తారు అని చెప్పాడట.

ఆ రోజునుంచి వదినకు అదొక ఇష్టమైంది. ఇంటికొచ్చాక దుకాణం మూసి అన్నం తినేటప్పుడు దాని గురించే చెప్పేది. బీరును ఏమనాలనేది మాకొక చర్చ. కల్లు గీస్తరు, సారా కాస్తరు, మరి బీరు? "వండుతరు" అని వదినే తేల్చింది. "పొయ్యి ఉన్నది, గింజలున్నయి, నీళ్లున్నయి, మసాల ఉన్నది. వండుడు గాక ఇంకేంది?"

ఈ ఆషాఢంలో నాకు ప్యాకింగ్ మిషను చూడడానికి బెంగుళూరు పోయే పని పడింది.

"నేను గూడ వస్త సీనూ" అన్నది వదిన. "నువ్వు మిషన్లు చూడు, నేను బీర్లు చూస్త."

నేను అన్న ముఖం చూశాను. అన్న చుక్క ముట్టడు. చిల్లర సర్దుకుంటూ తలెత్తకుండానే అన్నాడు: "పోనియ్యిరా. మనకోసం రోజూ కారం కొరికి నోరు మండబెట్టుకుంటది. నాల్గు రోజులు సల్లటిది ఏదన్న తాగనియ్యి."

రైల్లో

తెల్లారి గుంతకల్లులో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. అనంతపురం జిల్లా పల్లె. మనవరాలి కాన్పుకు పోతున్నది. సంచిలో ఉడకబెట్టిన చెనక్కాయలు ఉన్నాయి, మా దగ్గర సర్వపిండి ఉంది. అటివి ఇటు, ఇటివి అటు మారాయి. సర్వపిండి అంచు విరిచి తిని, "ఇది రొట్టా, వడా?" అని అడిగింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, గిన్నెకే వత్తి కాలుస్తరని వదిన చెప్పింది.

"యాడికి పోతాండారు మీరు?"

"బెంగుళూరుకు."

"ఏం పని మీద?"

"బీర్లు రుచి చూడనీకి" అన్నది వదిన, యాదగిరిగుట్టకు పోతున్నామన్నంత మామూలుగా.

నాకు పొలమారింది. "కాదమ్మా, మిషను కొననీకి పోతానం. మా వదిన తమాష చేస్తాంది" అన్నాను.

"నేనేం తమాష చేస్తలేను. నువ్వు మిషనుకు, నేను బీరుకు. ఎవల పని వాళ్లది" అన్నది వదిన.

పెద్దావిడ చెనక్కాయ ఒలుస్తూ, "దాంట్లో ఏముండాదిలే" అన్నది. "మా ఆయన ఉన్నన్నాళ్లు ఈతకల్లు తెచ్చినప్పుడల్లా నాకొక ముంత పక్కన పెట్టేటోడు. ఇంతకీ మీ బీరు తీపా, చేదా?"

"అన్ని రకాలుంటయి. చేదుల గూడ శాన రకాలుంటయి."

"చేదులో రకాలా? నాకు తెలిసి మూడే. కాకరకాయ, యాపాకు, మా కోడలు."

వదిన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను కానీ పక్క బెర్తువాళ్లు విన్నారేమోనని అటూ ఇటూ చూశాను. మా చుట్టుపక్కల ఊళ్లలో పండుగపూట ఆడవాళ్లు కల్లు తాగితే ఎవరూ అడగరు. మా బజారు ఇళ్లల్లో మగవాళ్లు తాగితే తెలియనట్టు ఉంటారు, ఆడవాళ్ల సంగతి మాటల్లోకే రాదు. ఆ బెరుకు నాతోపాటే రైలెక్కింది. వదిన మాత్రం దాన్ని మట్టెవాడలోనే దింపి వచ్చింది.

ఇందిరానగర్

బెంగుళూరులో మొదటి రోజు మధ్యాహ్నం పోయిన చోటు చూస్తే నాకు పాలడెయిరీ గుర్తొచ్చింది. అద్దాల గోడ, అవతల నిగనిగలాడే పీపాలు, గొట్టాలు. ఇవతల బల్లల దగ్గర సంసారాలు కూర్చుని ఉన్నాయి. ఒక తల్లి చంటిపిల్లకు పెరుగన్నం తినిపిస్తోంది, తండ్రి ముందర గ్లాసు ఉంది. మన దగ్గర వైన్‌షాపు పక్కన పర్మిట్ రూములో ప్లాస్టిక్ కుర్చీ, మిక్చర్ పొట్లం, గోడవైపు తిరిగి గబగబా తాగడం చూసిన కళ్లకు ఇది వింతగా ఉంటుంది.

పెద్ద గ్లాసు నాలుగు వందల పైనే. నేను గుడ్లు తేలేశాను.

"మంచి ఇంగువ ధర అడిగినవా ఎన్నడన్న?" అన్నది వదిన.

చిన్న గ్లాసుల్లో తలా కొంచెం తెచ్చే పద్ధతి ఒకటుంది. చెక్కపలకకు గుంటలు తొలిచి, ఆ గుంటల్లో ఆరు గ్లాసులు నిలబెట్టి తెస్తారు. లేత పసుపునుంచి మొదలై చివరిది తారు రంగు. వదిన వెంటనే తాగదు. గ్లాసు వెలుతురుకు పెట్టి చూస్తుంది, కొద్దిగా తిప్పుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని నాలుక మీద ఉంచుకుంటుంది. అచ్చం మిర్చి చూసినట్టే. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి చేతిసంచిలోంచి మరమరాల పొట్లం తీసింది.

గ్లాసులు తెచ్చిన కుర్రవాడు బయటి తిండి కుదరదన్నాడు. "గిది తిండి గాదు బిడ్డా, పనిముట్టు" అన్నది వదిన. అతనికి అర్థం కాక లోపలికి పోయి బీరు వండే అతన్నే పిలుచుకొచ్చాడు. పేరు మంజునాథ్, కోలారు వైపు మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడతామని చెప్పాడు. మరమరాలు గుప్పెడు నోట్లో వేసుకుని, "ఇది మంచి ఉపాయం అమ్మా" అన్నాడు.

వదిన రెండో గ్లాసు ముందుకు జరిపింది. గోధుమ బీరు అది.

"ఇండ్ల అరటిపండు ఏసినవు గదా?"

"లేదమ్మా."

"లవంగం?"

"అదీ లేదు."

"మరి నా ముక్కు అబద్ధం చెప్తాందా?"

గోధుమలు, బార్లీ, నీళ్లు, హాప్స్ అనే పువ్వు, పులియబెట్టే ఈస్టు తప్ప అందులో ఏమీ లేదనీ, ఆ ఈస్టే పులిసేటప్పుడు అరటిపండు వాసననూ లవంగం వాసననూ పుట్టిస్తుందనీ అతను చెప్పాడు. వదిన నమ్మలేదు.

"నీ వంటిల్లు చూపియ్యి."

చూపించాడు. లోపల వేడి, జొన్నగటక ఉడుకుతున్న వాసన. బస్తాలో చెయ్యిపెట్టి వేయించిన బార్లీ గింజలు నమిలి చూసింది. ఎండిన హాప్స్ పువ్వును అదిమి మాత్రల్లాగా చేసి ఉంచుతారు, ఒకటి అడిగి తీసుకుని అరచేతిలో నలిపి వాసన పీల్చింది. "పచ్చి మామిడికాయ తొడిమ తెంపంగనే సొన కారుతది సూడు, గా వాసన" అన్నది. మంజునాథ్ కూడా ఒకటి నలుపుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూలమూలా చూసినా ఒక్క లవంగం మొగ్గ కనిపించలేదు.

బయటికొచ్చి కూర్చుని వదిన అన్నది: "నేను ఓడిపోయిన సీనూ." ఓడిపోయినవాళ్ల ముఖం అట్లా వెలగడం నేను చూడలేదు. "ఇన్నేండ్లసంది లవంగాలు అమ్ముతానం. లవంగం ఎయ్యకుంట లవంగం వాసన వస్తదని మనకు తెల్వదు. ఇంకెన్ని తెల్వయో."

ఆరు గ్లాసుల్లోనూ వదిన తాగింది సగం సగమే. మిగతాది వృథా పోతుందని నేను తాగాను. ఇంటికి వచ్చాక నేను చెప్పిన కథల్లో ఎక్కడా ఈ మాట లేదు.

మల్లేశ్వరం

మిషను చూడాల్సిన చోటు అటువైపే. మర్నాడు పొద్దున్నే టిఫిన్‌కు పోతే సాంబారులో బెల్లం. నాకు మింగుడుపడలేదు. వదిన రెండు గిన్నెలు తాగి, ఇందులో దాల్చినచెక్క వేశారు, మనం ఎందుకు వెయ్యమని ఆలోచనలో పడింది. అక్కడ కాఫీ గ్లాసు మన టీ గ్లాసు కన్నా చిన్నది, ధర కూడా తక్కువే. నిలబడి తాగే గట్టు దగ్గర ఒక ముసలాయన గ్లాసు పెదాలకు తగలకుండా, తల ఎత్తి, సెగలు కక్కే కాఫీని పైనుంచి నోట్లో పోసుకున్నాడు. చొక్కా మీద చుక్క పడలేదు.

"సూడు, అత్తమ్మ ఉంటే ఈయనకు దండేసేది" అన్నది వదిన.

మా అమ్మకు ఎంగిలి అంటే ఉన్న పట్టింపు బజారంతటికీ తెలుసు. ఇంట్లో నీళ్ల చెంబు ఒక్కటే, ఎవరు తాగినా ఎత్తి పోసుకోవాల్సిందే. పెదవి తగిలితే చెంబు బయటపడేది, తగిలించినవాళ్ల వీపు మోగేది. వదిన పుట్టింట్లో ఎవరి గ్లాసు వాళ్లది. ఆమెకు ఈ విద్య రాదు. కోడలిగా వచ్చిన కొత్తలో ముక్కులోకి నీళ్లు పోయి దగ్గేది, రవికె తడిసేది. అమ్మ చూస్తూ కూర్చునేది కానీ ఒక్కసారీ పెదవి పెట్టి తాగమనలేదు. వదిన మెల్లగా నేర్చుకుంది. అమ్మ పోయాక వదిన ఆ నియమాన్ని వదిలేసింది. నేను వదల్లేదు. నాకు ఇప్పటికీ ఇంకొకరి నోరు తగిలిన గ్లాసు ముట్టబుద్ధి కాదు.

మరి ముందు రోజు నువ్వు వదిన మిగిల్చినవన్నీ తాగావు కదా అని మీరు అడగవచ్చు. నాకూ ఆ ప్రశ్న తర్వాతే వచ్చి గుర్తుచేసుకున్నాను. ఆ రోజు వదిన ప్రతి చిన్న గ్లాసులోంచీ తనకు కావలసినంత ఖాళీ గ్లాసులోకి వంచుకుని, అందులోంచి తాగింది. నాకు మిగిల్చినవాటికి ఆమె పెదవి తగల్లేదు. నేను గమనించకుండానే ఆమె నా పట్టింపును గౌరవించింది.

కోరమంగల

ఆ సాయంత్రం పోయిన చోట రాగులూ బెల్లం వేసి వండిన బీరు ఒకటుందని మంజునాథే చెప్పి పంపాడు. కొంచెమే చేశారట, అయిపోతే మళ్లీ చెయ్యరట. మేం పోయేసరికి పీపా అడుగంటింది. ఒక్క గ్లాసు వచ్చింది. అది కూడా నిండా రాలేదు.

అప్పటికే నేను ఒక పెద్ద గ్లాసు ముగించి రెండోది సగంలో ఉన్నాను. మిషను బేరం కుదిరిన సంబరం. వదిన అప్పటిదాకా నిమ్మసోడా తాగుతూ కూర్చుంది, రాగి బీరు కోసం నోరు ఖరాబు చేసుకోవద్దని.

వంచుకుందామంటే బల్ల మీద ఖాళీ గ్లాసు లేదు; నేను ముగించింది తీసుకుపోయారు, నిమ్మసోడా గ్లాసులో వంచితే రుచి చెడుతుంది. ఆ వేళ జనం కిక్కిరిసి ఉన్నారు, పిలిచినా ఎవరూ రావడం లేదు.

"నువ్వు తాగు వదినా, నాకొద్దు" అన్నాను.

"ఇంత దూరమొచ్చి రాగి బీరు తాగకపోతవా? జర ఆగు" అన్నది.

గ్లాసు ఎత్తింది. అమ్మ నేర్పినట్టే తల వెనక్కి వాల్చి పైనుంచి పోసుకుంది. నీళ్లకు నురుగుండదు, కాఫీకి ఇంత నురుగుండదు. బీరుకు ఉంటుంది. ధార నోట్లో పడే లోపలే పొంగి ముక్కులోకి, బుగ్గ మీదికి, మెడ మీదికి కారింది. నేను నవ్వుతూ ఫోను తీశాను. అదే ఆ ఫోటో.

వదిన దగ్గింది, నవ్వింది, కొంగుతో మెడ తుడుచుకుని గ్లాసు నావైపు జరిపింది. సగానికి పైగా ఉంది.

"ఎట్లున్నది?" అడిగాను.

"ఏమో. పైనించి పోసుకుంటే ముక్కుకు అందదు సీనూ. వాసన లేకుంటే సగం రుచి పోయినట్టే. నువ్వు తాగి చెప్పు."

నేను గటగటా తాగేశాను. బాగుంది వదినా, అన్నాను. బాగుందంటే ఎట్లా అని ఆమె అడిగింది. బెల్లం వాసనా, కాల్చిన రాగిరొట్టె వాసనా, పులుపు ముందొస్తుందా వెనకొస్తుందా. నాకేం తెలియలేదు. తియ్యగుంది అన్నాను. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని అడుగున మిగిలిన నురుగు వాసన చూసి పెట్టేసింది. ఆ బీరు కోసమే ఆమె బెంగుళూరు వచ్చిందనుకోవచ్చు. దాని రుచి ఆమెకు దొరకలేదు, దొరికిన నేను చెప్పలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నిద్రపోయింది నేను. శ్రావ్య వాళ్ల అపార్టుమెంటు మెట్లు ఎక్కించడానికి నా చెయ్యి పట్టుకున్నది వదిన. పైకి పోయి మంచం మీద పడి, పడుకునే ముందు ఫోటో గ్రూపులో పెట్టి ఆ మాట రాశాను. నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. ఇంకో రెండు మాటలు కలిపాను: వదినను మోసుకొచ్చేసరికి నా నడుము పోయింది, అని.

వరంగల్ స్టేషన్

తిరుగు రైల్లో వదిన ఫోను చూసుకుని, "గిదేం మాట సీనూ, ట్యాంకు?" అన్నది. ఉట్టిగ తమాషకు వదినా, అన్నాను. ఆమె ఫోను చేతిసంచిలో పెట్టుకుంది. మోసుకొచ్చాననే మాట గురించి అసలు అడగలేదు.

స్టేషను బయట ఎప్పుడూ మమ్మల్ని తీసుకుపోయే ఆటో అతను సామాను ఎక్కించి కూర్చుని, వదినను అద్దంలోంచి చూసి నాతో మెల్లగా, "సేటూ, అమ్మ ఇప్పుడు మంచిగున్నదా?" అన్నాడు. ఏమైంది అన్నాను. "ఫోటో నా ఫోన్ల గూడ వచ్చింది. మొయ్యాల్సి వచ్చిందట గదా. నిమ్మకాయ నీళ్లు తాపిండ్లా?"

వదిన విన్నది. "మస్తు తాపిన. మా మరిదికి" అన్నది.

అతను నవ్వాడు, తమాషా అనుకుని. నిజమని చెప్పాల్సినవాణ్ణి పక్కనే కూర్చుని ఉన్నాను. మండిబజారు మలుపు దాకా బయటికి చూస్తూ కూర్చున్నాను.

గుడి వంటిల్లు

మా గల్లీ చివర అమ్మవారి గుడిలో శ్రావణ శుక్రవారాల పులిహోర వదిన చేతిదే. ఆ రుచికి హనుమకొండనుంచి బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు. మేం వచ్చిన వారానికి గుడి కమిటీ తరఫున ఒక ఆమె ఫోను చేసి, "ఈసారి మీకు శ్రమ ఎందుకక్కా, పిల్లలు వండుతమంటున్నరు" అని చెప్పింది. వదిన సరే అన్నది. ఫోను పెట్టేసి మిర్చి శాంపిల్ చూడడానికి కూర్చుంది. ఒక కాయ కొరికి, మళ్లీ ఇంకొకటి కొరికింది. తర్వాత, "తెలుస్తలేదు, ఇయ్యాల వద్దు" అని పళ్లెం పక్కకు పెట్టింది. దుకాణంలో ఆ రోజు ధర చెప్పకుండానే శాంపిల్ వాపసు పోయింది. అన్న గల్లా దగ్గర తలెత్తకుండా చిల్లర సర్దుకున్నాడు. నాకు అదే బరువైంది.

నేను కమిటీ పెద్ద నాగభూషణం సేటు ఇంటికి పోయాను. అన్నీ చెబుదామనే పోయాను. ఆయన చాయ్ తెప్పించి మెత్తగా మాట్లాడేసరికి నా నోట వేరే మాట వచ్చింది.

"అది బీరు కాదు కాకా. బార్లీ నీళ్లు. సోడా లెక్క నురుగొస్తది. నేనే నవ్వులాటకు అట్ల రాసిన."

ఆయన ముఖం తేలికపడింది. "నేను ముందే అనుకున్న. మన సువర్ణ అసొంటిది గాదు. అమ్మాయిని వచ్చి వండుమను" అన్నాడు.

గెలిచి వచ్చినట్టు ఇంటికొచ్చి చెప్పాను. వదిన ధనియాలు చెరుగుతున్నది. చేట ఆపింది.

"నేను తాగలేదని చెప్పినవా?"

"అవును వదినా. ఫికర్ లేదు ఇగ."

"మొదలు తాగి పడిపోయిన్నని చెప్పినవు. ఇప్పుడు తాగనే లేదని చెప్పినవు. నేనేం చేసిన్నో నీకు చెప్ప రాదా?" గొంతు పెంచలేదు. "సీనూ, ఫోటోకు నాకు కోపం రాలే. గీ మాటకు వస్తాంది. గా రాగి బీరు కోసం నేను ఎంత ఆశపడ్డనో నీకు తెలుసు. అది బార్లీ నీళ్లా?"

ఆమె చేట గోడకు ఆనించి, కొంగు సర్దుకుని, నన్ను వెంటబెట్టుకుని నాగభూషణం సేటు ఇంటికి నడిచింది.

మళ్లీ ఆ ఇంట్లో

"కాకా, మా సీను అబద్ధం చెప్పిండు. నేను తాగింది బీరే" అన్నది గుమ్మంలో నిలబడే.

ఆయన భార్య లోపలినుంచి వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"మత్తు కోసం తాగలే. రుచి కోసం తాగిన. మిర్చి రుచి ఎట్ల చూస్తనో అట్లనే. ఫోటోల ఎత్తి పోసుకున్నది సీనుకు ఎంగిలి పట్టింపని. వాని కోసం వాసన గూడ పోగొట్టుకున్న."

నాగభూషణం సేటు మంచివాడు, ఎవరినీ వదులుకోవాలని ఉండదు. దారి వెతికాడు. దొరికింది.

"అంటే ఎంగిలి కాలేదన్నట్టు" అన్నాడు. "ఎత్తి పోసుకున్నవు గనక మూతికి ముట్టలే. ముట్టనిదాన్ని తాగినట్టు ఎట్లంటం? గిది చెప్పొచ్చు. నలుగురికి నేను చెప్త."

ఒప్పుకుంటే అయిపోయేది. నేను మనసులో ఒప్పుకొమ్మనే అన్నాను.

"గా ఒక్క గ్లాసు ముట్టలే కాకా" అన్నది వదిన. "తక్కినయన్ని పెదవి పెట్టే తాగిన. పెదవి పెట్టకుంటే రుచి తెల్వది."

తలుపు దగ్గర సేటు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఇంకేమిటో నాకు తెలియలేదు. ఆయన గడ్డం గోక్కుని, నలుగురినీ అడిగి చెప్తానన్నాడు.

దారిలో వదిన అన్నది: "ఇగ నువ్వు రాయి. ఫోటో ఎవలెవలు చూసిన్రో వాళ్లందరు చదివేటట్టు రాయి. తక్కువ చెయ్యకు, ఎక్కువ చెయ్యకు. వాళ్లు చదివినంక గూడ రమ్మంటే పోయి వండుత. చదివి వద్దంటే గూడ మంచిదే, నాకు కోపం లేదు. తెల్వక రమ్మంటే మాత్రం పోను."

అందుకే ఇది రాశాను. ఆమె ఎన్ని రకాలు తాగిందో, ఎట్లా తాగిందో, ఎవరు ఎవరిని మోశారో ఇందులో ఉంది. మడికొండలో ఐటీ వాళ్ల కోసం బీరు వండే చోటు ఒకటి తెరుస్తారని ఈమధ్య వింటున్నాం. తెరిస్తే వదిన పోతుంది. అది కూడా తెలిసే నిర్ణయించండి.

కమిటీ పెద్దలకు ఒక్క మనవి. శ్రావణం మొదటి శుక్రవారం దగ్గరికొచ్చింది. వదినను రమ్మనేటట్టయితే గురువారం పొద్దుగూకే లోపల కబురు చెయ్యండి. చింతపండు నానబెట్టాలి.